రెండవ గట్టును సైకిలుకు విడువవలెను

ఏటేట కాలువలు కట్టివేయు దినములు సమీపించునప్పుడు పూడికతీతను గురించియు, తూముల మరమ్మతులను గురించియు, రాబోవు సార్వాకు కావలసిన విత్తనములను గురించియు ఈ పత్రికయందు వ్రాయుట మాకు పరిపాటి. ఈ మాసము ఆ ప్రస్తావనను తగ్గించి, కాలువ గట్టును గురించి నాలుగు మాటలు సభ్యులకు మనవిచేయ దలచితిమి. గట్టు అనగా నీటిని ఆపు మట్టి యని మాత్రమే మనము తలచుచున్నాము. అది బాటకూడ. ఆ బాటను ఎవరికి విడువవలెనో మనము నిర్ణయింపనిచో, మనల నడుగకుండ ఇతరులు నిర్ణయింతురు. కొన్ని చోట్ల ఇప్పటికే నిర్ణయించి యున్నారు.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. ఏలూరు కాలువకును, దానివంటి పెద్ద కాలువలకును రెండేసి గట్టులు గలవు. అందొకటి పెక్కు గ్రామములయందు ట్రాక్టరులకును, ఆటోలకును, మోటారు సైకిళ్లకును బాట యైపోయినది. దానిని వానికే యుంచుడు. మేము అడ్డు చెప్పము. రెండవ గట్టును మాత్రము సైకిలుకును, కాలినడకకును విడిచిపెట్టవలెను. తాడేపల్లిగూడెము మొదలు ఏలూరువరకు, అచ్చటినుండి కొల్లేటి అంచులవరకు ఇట్టి బాట యొకటి క్రమక్రమముగ ఏర్పడిన యెడల, అది మన పిల్లలకును, స్త్రీలకును, వృద్ధులకును ఉపకరించుటయే గాక కాలువకుకూడ మేలు చేయును.

ఈ మాట మాకు ఊరక తోచినది కాదు. విత్తనపు పొట్లములును, మట్టి నమూనాల సంచులును సైకిలు వెనుక కట్టుకొని గ్రామములు తిరుగ నారంభించినది మొదలు ఇరువది సంవత్సరములుగ ఈ బాటల సంగతి మే మెరుగుదుము. కొన్ని సంవత్సరముల క్రిందట పాల సంఘములో సభ్యుడైన యొక రైతు తెల్లవారుజామున రెండు పాలక్యానులు సైకిలుకు తగిలించుకొని పెద్దరోడ్డు మీదుగ పోవుచుండగా, వెనుకనుండి వచ్చిన లారీ తగిలి మోకాలు విరిగెను. ప్రాణము దక్కినది. ఆ మరునాటినుండి అతని కుమార్తె సైకిలు వసారా గోడకు చేరగిలబడినది. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ పిల్లను చేతనైనన్ని నెలలు ఆటోలో పంపిరి. తరువాత బడి మానిపించిరి. వరివిత్తనము విషయమై మేము ఆ యింటికి పోయినప్పుడు ఆ తల్లి, “అయ్యా, ఎరువు ఎట్లు వేయవలెనో మీరు చెప్పుచున్నారు. పిల్ల బడికి ఏ దారిని పోవలెనో ఎవరు చెప్పుదురు?” అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వారి పెరటి వెనుక నూరు బారల దూరమున కాలువగట్టున్నది. అది నేరుగ బడియున్న ఊరికి పోవుచున్నది. కాని నడుమ రెండుచోట్ల సర్కారుతుమ్మ అల్లుకొన్నది, ఒకచోట పేడకుప్పలు, మరియొకచోట ఎవరిదో గడ్డివామి.

ఈ గట్టులు మొదట ఎందులకు వేయబడినవో జ్ఞాపకము చేసికొందము. ధవళేశ్వరము వద్ద గోదావరి ఆనకట్టను ఆర్థరు కాటనుగారి యాజమాన్యమున 1847లో ప్రారంభించి 1852లో ముగించిరి. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైనది. గోదావరి నీరు విజ్జేశ్వరమునుండి నిడుదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగను, కృష్ణ నీరు బెజవాడనుండియు వచ్చి ఏలూరున కలిసికొనుచున్నవి. ఈ కాలువలను పంటకే గాక ప్రయాణమునకును తవ్వించిరి. కాకినాడలో ఎక్కించిన సరకు ఏలూరు, బెజవాడల మీదుగ బకింగుహాము కాలువను చేరి చెన్నపట్టణమువరకు పడవపై పోవుచుండెడిది. గాలి అనుకూలించినప్పుడు తెరచాప ఎత్తెడివారు. అనుకూలింపనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు తాళ్లతో పడవను లాగెడివారు. కాలువ తవ్వినప్పుడే నీటి ప్రక్కన బాటకూడ ఏర్పడినదన్నమాట.

1893 మొదలు 1896 లోపల ఈ తీరమున రైలుమార్గము పడినది. తరువాత లారీలు వచ్చినవి. పడవలు తగ్గి, తుదకు కనబడకుండ పోయినవి. మేము మిషను పాఠశాలలో చదువుకొను నాటికే లాకుల తలుపులు తుప్పుపట్టి యుండెను. పడవ లాగుటను గురించి ముసలివారు చెప్పగా వినుటయే గాని మేము చూచినది లేదు. ఈ కాలువలను 2008లో 4వ సంఖ్య జాతీయ జలమార్గమున చేర్చిరి. పడవలు మరల వచ్చిన యెడల సంతోషమే. సైకిలుబాట వానికి అడ్డుకాదు. అంతవరకు తాడు లాగినవారి బాట ముండ్లకును, ఆక్రమణలకును వదిలివేయబడి యున్నది.

సైకిలునకు ఇంతకంటె అనుకూలమైన బాట తవ్వించుదుమన్నను దొరకదు. కాలువ నీరు నిలిచిపోరాదు. పరుగెత్తి గట్టులను కోయనురాదు. అందువలన కాలువకు మైలుకు కొలది అంగుళముల వాలు మాత్రమే ఇత్తురు. నీటికి ఏది సుఖమో సైకిలు త్రొక్కువానికిని అదియే సుఖము. లాకులవద్ద కొన్ని అడుగుల దిగుడు తప్ప ఎత్తుపల్లములు లేవు. తాడేపల్లిగూడెమునుండి ఏలూరు సుమారు 50 కిలోమీటరులు. గంటకు పండ్రెండు కిలోమీటరుల చొప్పున మెల్లగ త్రొక్కినను నాలుగు గంటలకు కొంచెము పైగా పట్టును. ఉంగుటూరు, చేబ్రోలు, కైకరము, పూళ్ల, భీమడోలు, దెందులూరు స్టేషనులు ఈ నడుమనే యున్నవి గావున, అలసినవాడు రైలెక్కి యింటికి పోవచ్చును. ఒకప్రక్క నీరు, ఒకప్రక్క వరిచేలు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ సంఖ్య జాతీయ రహదారి మీద లారీల గాలికి సైకిలు తొణకిన వారెవరైనను ఈ భేదమును వెంటనే గ్రహింతురు.

“ఇప్పుడు సైకిలెక్కువా డెవడు? ఇంటింట మోటారు సైకిలున్నది గదా!” యని మా సభ్యులలో కొందరు నవ్వవచ్చును. ఇంటింట నున్న మాట నిజమే. అది ఎవరి చేతిలో నున్నది? ఇంటి యజమానుని చేతిలోనో, పెద్ద కుమారుని చేతిలోనో యున్నది. పదునాలుగేండ్ల పిల్లకు మోటారుబండి నడుపుటకు చట్టము ఒప్పదు. కలుపుతీతకు పోవు స్త్రీకి బండి దొరకదు. అరువది దాటిన రైతు దానిని నడుపుటకు జంకును. వీరందరును ఇతరుల తీరికకొరకు కనిపెట్టుకొని యుండవలసినవారే. వీరి సంఖ్య మన గ్రామములలో సగమునకు తక్కువ యుండదని ఎవరి యింటివారిని వారు లెక్కించుకొన్నచో తెలియును.

సైకిలు ఏమి చేయగలదో ఇతర రాష్ట్రములు చూపియున్నవి. పొరుగుననున్న తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకారంభమున అక్షరాస్యతా ఉద్యమముతోబాటు పల్లెటూరి స్త్రీలకు సైకిలు నేర్పిరి. వేలకొలది స్త్రీలు, కూలిపని చేయువారుసయితము, నేర్చుకొని తమ పనులకు తామే పోవసాగిరి. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు సొమ్మిచ్చు ఏర్పాటు చేసినది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితమును పరిశీలించి, ఉన్నత పాఠశాలయందు బాలికల చేరిక 32 శాతము పెరిగెనని తేల్చిరి. బడి మూడు కిలోమీటరులకు మించి దూరముననున్న గ్రామములలోనే ఈ మేలు విశేషముగ కనబడెను. సైకిలు ఇచ్చుట ప్రభుత్వమునకు సాధ్యము. ఆ సైకిలు భయములేక పోవు బాటను నిలుపుట గ్రామమువారి వలననే కావలెను. వసారా గోడకు చేరిన సైకిలు మనకు చెప్పునది యిదియే.

ఇక గట్టుకు కలుగు మేలు. గండి యొక్కసారిగ పడదు. ఎలుక బొరియనుండియో, పీత కన్నమునుండియో నీరు చెమర్చును, మట్టి మెత్తబడును, కొన్నాళ్లకు జారును, పిమ్మట ఒకరాత్రి తెగి నారుమళ్లు మునుగును. చెమర్చిన మొదటిరోజున చూచినవాడున్న యెడల ఒక తట్ట మట్టితో పోవును. లస్కరు ఒక్కడు, అతనికి అప్పగించిన గట్టు చాల పొడవు. నడచువారులేని గట్టును కనిపెట్టువాడెవడు? ఉదయ సాయంకాలములు పిల్లలును, పాలవారును, కూలీలును పోవుచున్న గట్టును వేయికన్నులు చూచుచుండును. ఆక్రమణకూడ అట్టి గట్టుమీద సులభముగ జరుగదు.

ఆక్రమణను గురించి నిష్ఠురమైనను ఒక మాట చెప్పక తప్పదు. పొరుగువాని పొలిమేర రాయిని జరుపరాదని బడిలో మాకు చిన్ననాడే నేర్పిరి. గట్టుకు ఒక పొరుగువాడని లేడు, అందరును పొరుగువారే. అందువలననే దానిని ఒక్కొక్క సాలుచొప్పున చెక్కుకొనుట తప్పుగ తోచుట లేదు. చెరువు గట్టును పెంచుటకు కాలువగట్టు మట్టిని తీయువారును గలరు. వీరు పరాయివారు కారు. మన సంఘములలోని సభ్యులే. సైకిలుబాట ఏర్పడినచో మొదట వెనుకకు జరుగవలసినవి వీరి కంచెలే గావున, వీరినుండియే మొదటి యభ్యంతరము వచ్చునని మేము ఎదురుచూచుచున్నాము.

న్యాయమైన అభ్యంతరములును లేకపోలేదు. మొదటిది బురద. మన డెల్టా నల్లమట్టి వర్షకాలమున చక్రమునకు ముద్దకట్టి సైకిలును కదలనీయదు. దీనికి తారురోడ్డు వేయవలదు. తారు వేసిన మరునాడే ఆటోలు వచ్చును. తాడేపల్లిగూడెమునకు ఉత్తరముననున్న మెట్టప్రాంతపు ఎర్రగ్రావెలును రెండు మీటరుల వెడల్పున పరచి, నీరు పొలమువైపు జారునట్లు కొద్దిపాటి వాలు ఇచ్చి దిమ్మిస చేసిన చాలును. వాన నీరు కాలువవైపు జారినచో గట్టు లోపలి ముఖము కోసికొనిపోవును గావున, ఈ వాలు విషయమున జాగ్రత్త వహింపవలెను.

రెండవది కోతల కాలము. ఆ రెండవ గట్టు తప్ప వేరు దారిలేని పొలములు కొన్ని గలవు. ధాన్యము నెత్తిపై మోయుమని ఆ రైతులతో చెప్పుట అన్యాయము. గట్టు మొదట రెండు రాతి స్తంభములు మూడున్నర అడుగుల ఎడముతో నాటి, వాని ప్రక్కన తాళముగల ఇనుప అడ్డుగడ నుంచవలెను. పాలక్యానులు తగిలించిన సైకిలు స్తంభముల నడుమ పోవును, ఆటో పోదు. సార్వా, దాళ్వా కోతలలోను, కాలువ మరమ్మతులప్పుడును అడ్డుగడ తెరవవలెను. తాళపుచెవి ఒకటి లస్కరువద్దను, ఒకటి సంఘము కార్యాలయమునను ఉండవలెను.

మూడవది మోటారు సైకిలు. స్తంభముల నడుమ అదికూడ దూరును. దూరదని చెప్పి మిమ్ములను మోసపుచ్చము. దీనికి రాతి స్తంభము చాలదు. గ్రామము కట్టుబాటు కావలెను. ఎదుటి గట్టున దారి యున్నప్పుడు ఈ గట్టున మోటారుబండి నడుపరాదని గ్రామసభలో తీర్మానించి, పెద్దలు మొదట తాము పాటించినచో పడుచువారు పాటింతురు. పెద్దలే దాటినచో ఎవరును పాటింపరు.

పరదేశములలో ఇట్టి పని ఎట్లు జరిగెనో కొంచెము చూతము. హాలెండు దేశము మన కొల్లేటి ప్రాంతమువలె పల్లపు భూమి. అందు కొంతభాగము సముద్రమట్టమునకు తక్కువ. 1971లో ఒక్క సంవత్సరమున అచ్చట 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదములలో మరణించిరి. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి ఆందోళన చేసిరి. అటుపిమ్మట ఆ ప్రభుత్వము మోటారుబండ్లకు దూరముగ సైకిలుబాటలు వేయుటకు పూనుకొన్నది. ఇంగ్లండులో బ్రిస్టలు, బాతు పట్టణముల నడుమ మూతపడిన రైలుకట్టను 1979 మొదలుకొని సైకిలుబాటగ మార్చిరి. మొదటి భాగమును స్వచ్ఛంద సేవకులే పనిచేసి సిద్ధపరచిరి. మన తెలుగుదేశముననే హైదరాబాదు బాహ్య వలయ రహదారి ప్రక్కన సౌరవిద్యుత్ పలకల నీడతో 23 కిలోమీటరుల సైకిలుబాటను 2023లో తెరచిరి. అంత వ్యయము మన కక్కరలేదు. గట్టు మన తాతలనాడే వేయబడి యున్నది. చెట్టు నాటినచో నీడకూడ వచ్చును.

కొల్లేటి విషయమున మాత్రము వేరు జాగ్రత్త కావలెను. అది 1999లో వన్యప్రాణుల అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో అభయారణ్యములోని చేపల చెరువుల గట్టులను ప్రభుత్వము తెగగొట్టించుటను మనము కన్నులార చూచితిమి. కావున సరస్సులో సైకిలుకొరకై క్రొత్త గట్టు వేయుడని మేము చెప్పము. ఒక గంప మట్టియైనను వేయరాదు. లంకగ్రామముల కిప్పటికే యున్న దారులు చాలును. బుడమేరు, తమ్మిలేరుల నీరు వచ్చి చేరి, ఉప్పుటేరుద్వారా సముద్రమునకు పోవు ఆ నీటికి అడ్డు వేసినవారు తమ పొలములనే ముంచుకొన్నవా రగుదురు. కైకలూరు వద్ద ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకొను చోటునకు చూడవచ్చువారు కార్లలో వచ్చుచున్నారు. వారిలో కొందరైనను కైకలూరున బండి దిగి సైకిలుమీద పోయినచో పక్షులకు అలజడి తగ్గును. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోవు జనములోను సైకిలుపై పోవువారికి ప్రత్యేకముగ ఒక దారి చూపుట మేలు.

చూడవచ్చువారివలన గ్రామములకు కొంత రాబడి కలుగవచ్చును. పట్టణములవారు తీరిక దినములలో పొగ, మోత లేని బాటకొరకు వెదకుచున్నారు. వారికి త్రాగునీరు, మజ్జిగ, గాలి పంపు, పంచరు వేయువాడు, సంఘపు గిడ్డంగి వసారాలో కొంత నీడ దొరకిన చాలును. డ్వాక్రా సంఘముల స్త్రీలు కట్టుదిట్టమైన ధరకు భోజనము పెట్టవచ్చును. ఐనను దీనిని చూపి మేము ఎవరికిని ఆశ పెట్టము. అతిథులు వచ్చిన రానిండు, రాకున్న మాననిండు. పిల్ల బడికి పోయినచో బాట ఖర్చు గిట్టుబాటైనట్లే.

ఇప్పుడు చేయవలసిన పని. యాబది కిలోమీటరులను ఒక్కసారిగ తలకెత్తుకొనరాదు. బడియున్న యొక ఊరికిని, బడిలేని యొక ఊరికిని నడుమ మూడు నాలుగు కిలోమీటరుల గట్టును ముందుగ ఎన్నుకొనవలెను. గట్టు ప్రభుత్వమునది గావున జలవనరుల శాఖవారి యనుమతి లేనిదే పార వేయరాదు. 1997 నాటి చట్టముచే ఏర్పడిన సాగునీటి సంఘములు ఆ యర్జీ పెట్టుటకు తగినవి. 2022లో జిల్లాలు మారుటచే ఏలూరు, కైకలూరులు ఏలూరు జిల్లాలోను, తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరి జిల్లాలోను ఉన్నవి. కాబట్టి పూర్తి బాటకు ఇరువురు కలెక్టరులను ఆశ్రయింపవలసి యుండును. మొదటి భాగమునకు ఒక్కరే చాలుదురు. కాలువ కట్టివేసిన దినములలో తుమ్మకంప కొట్టించి, గోతులు పూడ్చి, తూములపై చపటాలు వేసినచో, బడులు తెరచునాటికి బాట సిద్ధముగ నుండును.

ఈ మాసపు సభలో ప్రతి సంఘమువారును తమ ఊరి రెండవ గట్టును ఒకసారి కాలినడకను చూచి రావలెనని మా ప్రార్థన. ఎచ్చట నడువ వీలుకాలేదో వ్రాసికొని రండు. అడ్డముగ నున్నది ముల్లా, పేడకుప్పా, కంచెయా, అది ఎవరిది అను సంగతి సభలోనే చదువుడు. సగము పని అచ్చటనే తీరును. మేము పైన చెప్పిన ఊరిలో గడ్డివామి స్వంతదారుడు దానిని మార్చుటకు ఒప్పుకొన్నాడు. తుమ్మకంప ఇంకను అట్లే యున్నది. ఆ పిల్ల సైకిలు చక్రములలో గాలిలేదు గాని, అది యింకను విరిగిపోలేదు.